నా మీద పడిన అర్జీ

నాకు సర్కారు జీతం ఇచ్చింది అనుమానపడడానికే. ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. బస్తరు సంస్థానం రాణిగారి ఏలుబడిలో ఉన్న రోజుల్లో, తర్లగూడకు కొంచెం ఎగువన, గోదారి రేవు దగ్గర ఉన్న ఒక అడవి నాకాలో నేను మున్షీని. అడవి సరుకు ఏటికి అవతల ఉన్న నిజాం రాజ్యానికి పోవాలంటే నా ముందు ఆగాల్సిందే. చింతపండు, కరక్కాయ, లక్క, మైనం, ఏదైనా సరే, రవన్నా చూపించాలి. రవన్నా అంటే సరుకు దాటించడానికి సర్కారు ఇచ్చే చీటీ. చీటీలో రాసిందీ బస్తాలో ఉన్నదీ ఒకటేనా అని చూడడం నా పని. అందుకు నాకొక ఇనప గొట్టం ఇచ్చారు. మూరెడు పొడవు, కొస పదును, లోపల డొల్ల. బస్తాలోకి కసుక్కున పొడిచి లాగితే అడుగున ఉన్న సరుకు గుప్పెడు బయటికొచ్చేది. దాన్ని సూజా అనేవాళ్ళం. చాలాసార్లు పైనా చింతపండే, అడుగునా చింతపండే. అయినా పొడవాల్సిందే, అది రూలు.

మాది జగదల్‌పూర్‌లో కొట్టున్న కుటుంబం. ముగ్గురు అన్నదమ్ముల్లో నేను ఆఖరివాణ్ణి, పైగా కొట్టుకు పనికిరానివాణ్ణి. నాది ముక్కు మీద కోపం. ఉప్పు కొనడానికి వచ్చినవాడు రెండోసారి ధర అడిగితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. ఒకరోజు ఒక పెద్దమనిషి మీదికి తూకంరాయి పట్టుకుని లేచాను. అప్పుడు మా పెద్దన్నయ్య, "నాయనా, నువ్వెక్కడన్నా సర్కారు కొలువు చూసుకో. అక్కడైతే నీ మొహం చూసి జనం భయపడినా మనకు నష్టం లేదు" అన్నాడు. నాకు హిందీ చదవడం, రాయడం బాగా వచ్చు. ఆ ఒక్క గుణం వల్ల ఈ మున్షీగిరీ దొరికింది. దొరికింది కాబట్టి పోకూడదు. పోతే మళ్ళీ అన్నల కొట్టు మెట్లెక్కాలి, వదినలు వడ్డించిన అన్నం తలొంచుకుని తినాలి. అంతకంటే గోదాట్లో దూకడం నయమని ఆ వయసులో గట్టిగా అనుకునేవాణ్ణి.

నాకాలో ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ చపరాసీ. వెనకున్న గడ్డింట్లో నేనూ మా ఆవిడా. ఆవిడది భద్రాచలం వైపు ఊరు, నా కోపానికి జంకే మనిషి కాదు. చపరాసీ దోర్ల కులంవాడు, అడవి దారిన రెండు కోసుల దూరంలో ఉన్న పల్లె. నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కడ అన్నను అందరూ దాదా అంటారు కాబట్టి నేనూ అతన్ని దాదా అనేవాణ్ణి. అతను నన్ను దొరా అనేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

అతను ఇంట్లో దోర్లీ మాట్లాడేవాడు, షావుకార్లతో తెలుగు, సంతలో హల్బీ, సాబులొస్తే హిందీ. నాలుగు భాషల్లోనూ నాలుక చక్కగా తిరిగేది, ఒక్కదాంట్లోనూ అక్షరం ముక్క రాదు. నేను చేరిన మొదటి వానాకాలం, బళ్ళు రాక ఈగలు తోలుకుంటున్న ఒక మధ్యాహ్నం, అతను తల గోక్కుంటూ నా ముందుకొచ్చాడు.

"దొరా, నాకు నాలుగు అచ్చరాలు జెప్పు."

"ఇప్పుడెందుకు దాదా? కచేరీలో కొలువు చేస్తావా ఏంది?"

"కాదు దొరా. నువ్వు అన్నానికి పోయినప్పుడు షావుకార్లు చీటీ నా చేతిల పెడుతున్నరు. నేను తలకిందులుగ పట్టుకుంటున్న. పట్టుకున్నట్టు గూడ నాకు తెలుస్తలేదు. ఆళ్ళు నవ్వుతున్నరు."

ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ పూటే ఏటి ఇసకలో పుల్లతో, రవన్నాల మీద ఉండే హిందీ అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాను. అతను దున్నినంత గట్టిగా రాసేవాడు. పుల్లలు విరిగేవి. ఏడాది తిరిగేసరికి రవన్నా మీద సరుకు పేరు, ఊరి పేరు కూడబలుక్కుని చదివేవాడు. షావుకారు నవ్వబోతే, "ఇండ్ల లక్కని రాసుంది, బండిల కరక్కాయలున్నయి గదా సేటూ?" అని గొంతు పెంచేవాడు. నేను ఇంట్లో అన్నం తింటూ ఆ గొంతు విని మురిసిపోయేవాణ్ణి. మా ఆవిడ, "చాల్లే సంబడం, నీకు కొడుకు పుట్టినట్టున్నది" అని వెక్కిరించేది.

ఇట్లా ఉండగా దౌరా సాబు వచ్చాడు. దౌరా అంటే తనిఖీకి ఊళ్ళు తిరగడం. రెండేళ్ళకొకసారి జగదల్‌పూర్ నుంచి గుర్రమెక్కి నాకాలన్నీ చూసిపోయే అధికారి ఆయన. పుస్తకాలు చూశాడు, సూజా చూశాడు, మా ఆవిడ చేసిన కోడికూర తిన్నాడు, "శాబాష్" అన్నాడు. అంతా బాగానే ఉంది. వెళ్ళేటప్పుడు ఒక కాలు రికాబులో పెట్టి, గుర్రం మెడ నిమురుతూ, ఏదో మర్చిపోయిన మాట గుర్తొచ్చినట్టు నావైపు తిరిగాడు.

"మున్షీజీ, నీ మీద ఒక దరఖాస్తు వచ్చింది" అన్నాడు హిందీలో.

"ఎవరు పెట్టారు హుజూర్?"

"పేరు లేదు."

అంటే ఆకాశరామన్న అర్జీ. "ఏం రాశారు హుజూర్?"

"సమయం వచ్చినప్పుడు తెలుస్తుంది."

నాకు ఇంకేం అడగాలో తోచలేదు. నోటికొచ్చింది అడిగాను. "ఏ భాషలో ఉంది హుజూర్?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "హిందీలో. ఇంకే భాషలో ఉంటుంది?" అని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

నువ్వు తప్పేమీ చెయ్యకపోతే భయమెందుకని మీరనొచ్చు. అది తప్పు చెయ్యనివాళ్ళ బాధ తెలియనివాళ్ళు అనే మాట. తప్పు చేసినవాడికి ఏ తప్పు బయటపడిందో తెలుస్తుంది, దానికో అబద్ధం సిద్ధం చేసుకుంటాడు. నాకు ఆ వెసులుబాటు లేదు. కూర్చుని నా రెండేళ్ళ బతుకూ తవ్వుకున్నాను. ఒక షావుకారు పండగకు బెల్లం దిమ్మ పంపితే తీసుకున్నాను, అదా? ఒక ముసలమ్మ రెండు సేర్ల ఇప్పపువ్వు చీటీ లేకుండా తెస్తే పొమ్మన్నాను, అదా? పట్వారీతో కోడిపుంజు విషయంలో మాటా మాటా అనుకున్నాం, అదా? తవ్వేకొద్దీ ఏదో ఒకటి దొరికేది. నెల తిరిగేసరికి నేను నిజంగానే దొంగనేమో అనిపించే దాకా వచ్చింది.

ముందు ఒంట్లో మొదలైంది. అన్నం ముద్ద గొంతు దగ్గర ఆగిపోయేది. కడుపులో ఎప్పుడూ మంట. దవడలు నొప్పి పుట్టేవి. ఎందుకో తెలిసేది కాదు. మా ఆవిడే చూసి చెప్పింది, "పొద్దుగాల నుంచి పండ్లు బిగబట్టుకునే ఉన్నవ్, నొప్పి పుట్టక ఏమైతది?" అని. ముద్ర వేసేటప్పుడు చెయ్యి వణికేది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ణి. కంటి మీద కునుకు లేదు. భద్రాచలం నుంచి కషాయం తెప్పించి పోసింది మా ఆవిడ. కషాయం కడుపుకు గానీ, నా జబ్బు కడుపుది కాదు. ఆ సంగతి నాకప్పుడు తెలిస్తే కదా!

ఇక నా వెతుకులాట సంగతి చెప్పాలి. అర్జీ హిందీలో ఉందని సాబు అన్నాడు. అదే నాకు దొరికిన ఒకే ఒక్క ఆనవాలు. మా రేవు చుట్టుపక్కల షావుకార్లంతా తెలుగువాళ్ళు, రాస్తే తెలుగులో రాస్తారు. జగదల్‌పూర్‌లో దాన్ని చదివే నాథుడుండడు. హిందీలో రాయగలవాళ్ళు ఎవరు? పట్వారీ, బడి పంతులు, నేను. నేను రాసుకోలేదు. పంతులు నోట్లో నాలుక లేని మనిషి. కాబట్టి పట్వారీ. కోడిపుంజు గుర్తొచ్చింది కూడా. వాడి ఇంటికి వెళ్ళి, ఏదో లెక్క కావాలని కాగితం మీద రాయించుకుని, దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. దేనితో పోల్చి చూస్తాను? అర్జీ నేను చూడనే లేదు. అయినా రోజుకు పదిసార్లు ఆ కాగితం తీసి, వాడు గీసిన గీతల్లో ద్రోహం ఉందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఇంట్లో కూడా నా సూజా ఆగలేదు. ఒకరోజు మా ఆవిడ బియ్యం బస్తా విప్పబోతుంటే ఆగమని, నాకా నుంచి సూజా తెచ్చి బస్తాలోకి పొడిచాను. ఎందుకంటే ఎవరైనా దానిలో లక్క దాచి, నన్ను దొంగసరుకుతో పట్టించాలనుకుంటే? బియ్యం వచ్చాయి. ఇంకోచోట పొడిచాను, బియ్యమే. మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా నీకు, పిచ్చిగిట్ల లేసిందా? రేపు నా కడుపుల గూడ పొడిచి చూస్తవా, పొద్దుగాల తిన్న గట్క ఉన్నదో లక్క ఉన్నదో?"

నాకు కోపం వచ్చింది, కానీ అరవలేకపోయాను. ఆవిడ గొంతులో వెక్కిరింత కంటే భయం ఎక్కువ వినిపించింది.

నా వాలకం చూసి మందు చెప్పింది చపరాసీయే. ఒక మధ్యాహ్నం నా పక్కన గొంతుక్కూర్చుని, "దొరా, నీకు తలకాయల ఏదో తిరుగుతాంది. కూసుంటే ఇంక తిరుగుతది. రోజూ బళ్ళు లేనప్పుడు రేవుకు పోయి పడవల నీళ్ళు తోడు. మా బామ్మర్ది పడవ కారుతాంది, ఎంత తోడినా ఊరుతది. చేతులకు పని పెడితే తలకాయ ఊకుంటది" అన్నాడు. అతని బామ్మర్ది, అంటే అతని భార్య తమ్ముడు, ఆ రేవులో పడవ నడిపేవాడు. మున్షీ పడవలో నీళ్ళు తోడడమేమిటని ముందు చిరాకుపడ్డాను. తర్వాత వెళ్ళాను. సొరకాయ బుర్రతో నీళ్ళు ముంచి ఏట్లో పోయడం. ముంచడం, పోయడం. భుజాలు లాగేవి, చెమట పట్టేది. గంట గడిచాక చూసుకుంటే ఆ గంటసేపూ అర్జీ గుర్తు రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పది పన్నెండు రోజులు అలా హాయిగా గడిచాయి. ఆ హాయిని కూడా నేను బతకనివ్వలేదు. ఒకరోజు బుర్ర చేతిలో ఉండగానే పురుగు తొలిచింది. ఈ దాదా నన్ను రోజూ నాకా నుంచి రేవుకు ఎందుకు పంపుతున్నాడు? నేనిక్కడ నీళ్ళు తోడుతుంటే అక్కడ ఏం జరుగుతోంది? పడవ కారుతోందట, బాగు చేయించుకోవచ్చు కదా, గుగ్గిలం దొరకదా అడవిలో? అప్పుడు మెదడులో ఇంకో మాట చప్పున తగిలింది. మా రేవులో హిందీ రాయగలవాళ్ళు ముగ్గురు కాదు, నలుగురు. నాలుగోవాడికి అక్షరాలు నేర్పింది నేనే.

బుర్ర పడవలో పడేసి, రేవు దారిన కాకుండా తుమ్మచెట్ల చాటున నాకా వెనక్కి నడిచాను. పట్టపగలు, నా సొంత కచేరీకి నేనే దొంగలాగా. చపరాసీ అరుగు మీద ఒంగి కూర్చుని కాగితం మీద ఏదో రాస్తున్నాడు. నా అడుగుల చప్పుడు విని, గబుక్కున కాగితం తొడకింద పెట్టుకున్నాడు.

"ఏం రాస్తున్నావ్?"

"ఏం లేదు దొరా."

"తీయ్."

"వద్దు దొరా, మంచిగ లేదు."

చెయ్యి పట్టి లాగి తీసుకున్నాను. పాత రవన్నా వెనక వైపు. దాని నిండా వంకర అక్షరాలతో ఒకే మాట, మున్షీ, మున్షీ, మున్షీ. కింద నాకా అని రెండుసార్లు. మళ్ళీ మున్షీ. అతని మొహం ఎర్రబడింది. రోజంతా చీటీల మీదా ముద్ర మీదా అతని కళ్ళ ముందుండే మాటలు అవే. ఇసకలో బాగానే వచ్చే అక్షరం కాగితం మీద వంకరపోతుంటే దాచుకుని సాధన చేసుకుంటున్నాడు. ఇది అర్థం కావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల చెబుతుంది. కానీ అనుమానం పట్టినవాడికి ఎనిమిదేళ్ళ పిల్ల తెలివి కూడా ఉండదు. నా మీద అర్జీ రాయడానికి సాధన చేస్తున్నాడనే అనుకున్నాను. సాధనేమిటి, ఒకటి రాసేశాడు, రెండోది రాస్తున్నాడు!

అప్పుడే అక్కడే నిలదీసి అడిగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. నా అంత కోపిష్ఠి ఎందుకు అడగలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. కోపం ఉన్నంతకాలం మనిషి మొహం మీదే తిడతాడు. భయం పట్టినవాడు కాగితం తీస్తాడు. నేను కాగితం తీశాను. ఈ చపరాసీ సర్కారు చీటీలకు దొంగచాటుగా నకళ్ళు తీస్తున్నాడు, ఇతన్ని నాకాలో ఉంచడం క్షేమం కాదు అని మంచి హిందీలో రాసి, ముద్ర వేసి, జగదల్‌పూర్ పంపాను. ఆ రోజు నా చెయ్యి వణకలేదు.

హుకుం రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా అతను నాతో మామూలుగానే ఉన్నాడు. ఒకసారి పుట్టగొడుగులు తెచ్చాడు, నేను వండవద్దన్నాను, మా ఆవిడ వండింది, నాకేం కాలేదు. హుకుం వచ్చాక చదివి వినిపించాను, కొలువు తీసేశారని. అతను కాసేపు కాగితం వైపు చూశాడు. చదువుకోగలడు కదా, అయినా కాగితం ఇమ్మని అడగలేదు.

"ఎందుకు దొరా?"

అక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా గుటకలు మింగాల్సి వస్తోంది. "ఎవరో నీ మీద అర్జీ పెట్టారు దాదా" అన్నాను.

"ఎవరు?"

"పేరు లేదు."

అతను తలపాగా విప్పి, సర్కారు పట్టీ ఊడదీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

తర్వాత నాలుగు రోజులు ఆకలేసింది, నిద్ర పట్టింది. ఐదో రోజు కొత్త చపరాసీ వచ్చాడు. భోపాలపట్నం వాడు, నిశానీ మనిషి, అక్షరం రాదు. వాడు నన్ను చూసి ఊరికే నవ్వుతాడు. ఎందుకు నవ్వుతున్నాడు? ఎవరు పంపారు వీణ్ణి? కడుపులో మంట మళ్ళీ రాజుకుంది. దవడలు మళ్ళీ బిగుసుకున్నాయి. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ నా మొహం చూసింది.

"ఆయన పాయె. నీ కడుపుమంట ఎందుకు పోలేదు మరి?" అంది.

నేను కంచం ముందు నుంచి లేచాను. ఆ ప్రశ్న మాత్రం చెవిలో జోరీగలాగా తిరిగింది.

ఆ ఏడు దసరాకు నాకాల మున్షీలందరినీ జగదల్‌పూర్ రమ్మన్నారు. దసరాకు రాజ్యంలోని పల్లెలన్నీ అక్కడికి దిగుతాయి, జనాన్ని సర్దడానికి మనుషులు కావాలి. మేము ఆరేడుగురం ఒక చింతచెట్టు కింద పొయ్యి పెట్టుకుని వండుకునేవాళ్ళం. ఒక పగలు, పప్పు ఉడుకుతుంటే, కోంటా వైపు నుంచి వచ్చిన కుర్ర మున్షీ ఒకడు గోళ్ళు కొరుక్కుంటూ మెల్లగా అన్నాడు, "నా మీద ఎవరో అర్జీ పెట్టిన్రంట. సాబు చెప్పిండు. నాలుగు నెలల సంది నాకు అన్నం పోతలేదు."

గరిటె తిప్పుతున్న ముసలి మున్షీ తలెత్తకుండానే అడిగాడు, "గుర్రమెక్కేటప్పుడు చెప్పిండా?"

"అవును."

"ఒక కాలు రికాబుల పెట్టి?"

కుర్రాడు నోరు తెరిచాడు. చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. ఒకడు లేచి, చింతమొద్దు మీద కాలు పెట్టి, లేని గుర్రం మెడ నిమురుతూ, "మున్షీజీ, నీ మీద ఒక దరఖాస్తు వచ్చింది" అని సాబు గొంతుతో అన్నాడు. ముసలాయన గరిటె కింద పెట్టాడు. "అరే, అది ఆ సాబు పద్ధతి రా. కొత్త మున్షీ ఎవడొచ్చినా అదే మాట. లంచాలు మరగకుండ భయం పెట్టడం. అర్జీ లేదు, గిర్జీ లేదు. నాకు చెప్పినప్పుడు నేను, ఒకటేనా హుజూర్, నాలుగన్న వచ్చి ఉంటయనుకున్న అని చెప్పిన. సాబు గూడ నవ్విండు."

అందరూ మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా జీవితంలో నేను చేసిన అతి నీచమైన పని. ఉత్తరం రాసిన పాపం భయంతో చేశాను. నవ్వింది మాత్రం, నేను కూడా ఆ మాయలో పడ్డానని వీళ్ళకు తెలియకూడదని.

మర్నాడు ధైర్యం చేసి దౌరా సాబు దగ్గరికి వెళ్ళాను. నేను చపరాసీ మీద రాసింది పొరపాటు, అతన్ని మళ్ళీ తీసుకోమని అడిగాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "హుకుం అయిపోయింది మున్షీజీ. ముద్ర పడిన కాగితం వెనక్కి రాదు. ఇంతకీ వాడు నీకేం ఇస్తానన్నాడు?" అన్నాడు. అనుమానం ఆయనకూ ఉద్యోగమే మరి.

రేవుకు తిరిగొచ్చాక ఇల్లు చేరకుండానే అతని పల్లె దారి పట్టాను. ఏం చెప్పాలో రెండు కోసులూ కూడబలుక్కున్నాను. కాళ్ళు పట్టుకుందామా? కొలువు వేరేచోట చూపిస్తానందామా? అతను తిడతాడనుకున్నాను, గొడ్డలి ఎత్తినా ఎత్తుతాడనుకున్నాను. దానికి కూడా సిద్ధపడే వెళ్ళాను.

ఇంటి ముందు వెదురుబద్దలు చీలుస్తూ కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవలేదు. నా వెనక ఎవరైనా వస్తున్నారా అని దారి వైపు మెడ సాచి చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు, కాగితం ఏమైనా ఉందా అని.

"మల్ల ఎవరన్నా నా మీద అర్జీ పెట్టిన్రా దొరా?" అన్నాడు.

లేదన్నాను. అతను నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అరుగు చివర కూర్చున్నాను. అతను కత్తి పక్కన పెట్టి, గొంతు తగ్గించి, నాకు తన గోడు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నాకే చెప్పుకున్నాడు!

"ఎవరని ఆలోచిస్తనే ఉన్న దొరా. కొలువు పోతే పోయింది, చేను లేదా, అడవి లేదా. కానీ ఎవరు? అది తేలకపోతే కూడు దిగుతలేదు. షావుకారు కాదు, ఆయనకు నేనంటే భయం. మా బామ్మర్దే అనిపిస్తాంది. పడవ కాడ నేను నలుగురిల ఒక మాటన్న వానికి. వాడు రాయలేడు, రాయించి ఉంటడు. నాలుగు నెలలాయె వాని ఇంటికి పోక. కొత్త పంట పండక్కు పిలిచిండు, పోలే. నా పెండ్లాం తమ్ముణ్ణి చూడబోతే తలుపుకు అడ్డం నిలబడ్డ. అది రోజూ ఏడుస్తాంది. దొరా, నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్పు. వాడేనంటవా?"

అవే దవడలు. అవే కళ్ళు. నేను పట్వారీ కాగితం జేబులో పెట్టుకుని తిరిగినట్టే ఇతను బామ్మర్ది మాటను గుండెలో పెట్టుకుని తిరుగుతున్నాడు. సాబు నాకు అంటించిన జబ్బు నేను అదే మాటలతో ఇతనికి అంటించి వచ్చాను. దీనికి మందు ప్రపంచంలో ఒక్కడి దగ్గరే ఉంది, వాడు ఈ అరుగు మీద కూర్చున్నాడు. రెండు కోసులు కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"నేనే దాదా" అన్నాను. "అర్జీ ఎవరూ పెట్టలేదు. నేనే రాసి పంపాను. నువ్వు నా మీద రాశావనుకున్నాను."

తిట్టు కోసం ఎదురుచూశాను.

"మా బామ్మర్ది కాదా?"

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టు దాదా. నేనే."

అతను లోపలికి తిరిగి, దోర్లీలో భార్యను పిలిచి ఏదో చెప్పాడు. ఆమె పరుగున బయటికొచ్చింది. తడి చేతులు చీరకు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నావైపు, అతనివైపు చూసింది. అతను వెదురుబద్దల్ని కాలితో పక్కకు నెట్టి, కండువా భుజాన వేసుకుని, నాలుగిళ్ళ అవతల ఉన్న బామ్మర్ది ఇంటివైపు నడిచాడు. నాలుగడుగులేశాక ఆ నడక పరుగయింది. ఆమె కూడా వెనకే వెళ్ళింది. అక్కడ తలుపు తీసిన చప్పుడు, ఎవరో గట్టిగా అరిచిన చప్పుడు, ఆ తర్వాత ఇద్దరు మగవాళ్ళ ఏడుపో నవ్వో తెలియని గొంతులు వినిపించాయి.

నేను ఆ అరుగు మీదే కూర్చున్నాను. పొద్దు వాలే దాకా కూర్చున్నాను. వాళ్ళు నన్ను పొమ్మనడానికి కూడా తిరిగి రాలేదు.